కిరాయికి ఏడ్చిన రాణి

మా వాడకట్టులో ఒక పిల్ల ఉంది, టీవీ సీరియళ్లలో చిన్న చిన్న వేషాలు వేస్తుంది. మొన్న వచ్చి నా మంచం మీద కూలబడి, "పెద్దమ్మా, గ్లిజరిన్ పెడితె కండ్లు మండి సస్తున్న. అది లేకుంట ఏడ్సుడెట్లనో జర చెప్పరాదు" అంది. నాకు నవ్వొచ్చింది. "నేను ఏడిస్తె కిరాయి ఇచ్చేటోళ్లే బిడ్డా. ఎట్ల ఏడ్సిన్నో నాకే ఎరుకలేదు, పో" అని పంపించేశాను.

పంపించాక మనసు ఊరుకోలేదు. దానికి చెప్పాల్సిన సంగతి ఒకటుంది. నోటితో చెబుదామంటే సగం వినేలోపే దాని ఫోను మోగుతుంది. అందుకని రాస్తున్నాను. ఈ పనిలోకి వస్తున్న మిగతా పిల్లలు చదివినా మంచిదే.

నాకు జరిగిన సన్మానాల గురించి ఇందులో ఏమీ ఉండదు. ఆ శాలువాలు పెట్టెలో ఉన్నాయి, సగం పురుగు కొట్టేసింది. పనిలో నేను నేర్చుకున్నదీ, నేర్చుకునేసరికి ఆలస్యమైపోయినదీ మాత్రమే రాస్తాను.

మూడో కిరాయి సామాను

యాభైల చివర, అరవైల మొదట్లో నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల పల్లెల్లో పంటలు ఇంటికి చేరాయంటే మగవాళ్లకు నాటకం పిచ్చి పట్టేది. ఊరంతా కలిసి ఒక నాటకాల పంతులును పిలిపించుకునేవారు. ఆయన హార్మోనియం పెట్టె పట్టుకొని వచ్చి, నెలల తరబడి ఆ ఊళ్లోనే మకాం పెట్టి, అక్షరం రాని రైతుకు కూడా పద్యాలు నోటికి నేర్పేవాడు. రాజు వేషం ఒక కాపాయన వేస్తే మంత్రి వేషం దర్జీది, రుషి వేషం పోస్టు బంట్రోతుది. అంతా ఊరివాళ్లే. ఆడవేషం దగ్గరే చిక్కు వచ్చేది. ఏ ఇంటి ఆడదాన్నీ స్టేజీ ఎక్కనివ్వరు కదా. అందుకని రాణిని మాత్రం పట్నం నుంచి తెచ్చుకునేవారు. డ్రెస్సులు కిరాయి, పెట్రోమాక్స్ లైట్లు కిరాయి, రాణి కిరాయి. ఆ మూడో సామాను నేను.

నాటకం ఉన్న రోజు మధ్యాహ్నం చిట్యాలలోనో నకిరేకల్‌లోనో బస్సు దిగేదాన్ని. ఊరివాళ్లు గూడు వేసిన ఎడ్ల బండి, కచ్చురం, కట్టుకొని వచ్చి ఎదురుచూస్తూ ఉండేవారు. నా పక్కన రాజుగా నిలబడబోయే మనిషి ముఖం మొదటిసారి చూసేది ఆ సాయంత్రమే, అదీ సగం రంగు పూసుకున్నాక. రిహార్సలు అనే మాటే లేదు. సాయంత్రం మొగుణ్ని చూసి, పొద్దు గూకాక పట్టపురాణినై, ఆ రాత్రే కొడుకును పోగొట్టుకొని, తెల్లారి బస్సెక్కి ఇంటికి పోయేదాన్ని. మళ్లీ రెండు రోజులకు ఇంకో ఊరు, ఇంకో మొగుడు. ఇప్పటి పిల్లలు సీరియల్‌లో మొగుడు వేషంవాణ్ని మార్చారని వారం రోజులు అలుగుతారట. నాకు వింటేనే ఆశ్చర్యం!

ఎన్ని తమాషాలో చెప్పలేను. ఒక ఊరి రాజు ఇద్దరు పంతుళ్ల దగ్గర నేర్చాడు. స్టేజీ మీద గాబరాపడి, నాతో సరసమాడాల్సిన చోట యుద్ధానికి పిలిచే పద్యం ఎత్తుకున్నాడు. నేను కత్తి లేని దాన్ని, ఏం చేస్తాను? "స్వామీ, తమ కోపానికి కారణమేమి?" అని నెట్టుకొచ్చాను. ఇంకో రాజు నా చెయ్యి పట్టుకోవాల్సిన చోట పట్టుకోడు. ఎదురుగా వాళ్లావిడ కూర్చొని ఉంది. చివరికి నా కొంగు చివర రెండు వేళ్లతో, తేలును పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. జనం ఒకటే నవ్వు.

ఇక చదివింపులు. మీకు తెలియవు కాబట్టి చెబుతున్నాను. నేను కొడుకు శవం మీద పడి ఏడుస్తుంటాను. ఊళ్లో పెద్దమనిషి ఎవరో మెచ్చి నోటు పంపిస్తాడు. వెంటనే నాటకం ఆపి, "ఫలానావారు రాణి వేషం వేసిన రత్నకుమారికి చదివింపు" అని కేకేస్తారు. నేను లేచి, కళ్లు తుడుచుకొని, ముందుకు వచ్చి దండం పెట్టి, వెనక్కి పోయి మళ్లీ శవం మీద పడాలి. ఏ వెక్కు దగ్గర ఆపానో ఆ వెక్కు దగ్గరే అందుకోవాలి. అందుకోగలిగేదాన్ని. అప్పట్లో అదే గొప్ప విద్య అనుకునేదాన్ని.

నర్సింహ పంతులు

రత్నకుమారి స్టేజీ పేరు. ఇంట్లో రత్ని. మా నాయన నల్లగొండలో దర్జీ. నాటకాల డ్రెస్సులు కుట్టేవాడు. ఆ డ్రెస్సుల కోసం వచ్చే నర్సింహ పంతులు, ఒకసారి కోస్తా నుంచి రావాల్సిన ఆర్టిస్టు బస్సు తప్పిపోతే, కాజాలు కుడుతూ కూనిరాగం తీస్తున్న నన్ను చూసి, "ఈ పొల్లను పంపు సాయిలూ, ఒక్కరోజుకు" అని మా నాయనను అడిగాడు. ఆ ఒక్కరోజు నా బతుకంతా అయింది.

ఆయనంత మంచి గురువును నేను చూడలేదు, ఆయనంత మొండివాణ్నీ చూడలేదు. నా మాట మోటు అని కోస్తా ఆర్టిస్టులు మూతులు తిప్పుకుంటే, "కర్టెన్ ముంగట రాణివి, కర్టెనెనక రత్నివి. రెండింటికి సిగ్గుపడకు" అన్నాడు. పుస్తకం భాష నోరు తిరిగేదాకా నిద్రపోనివ్వలేదు. శ్రుతి, తాళం, నిలబడే తీరు, కింద కూర్చున్న ఆఖరి మనిషికి వినిపించేలా గుసగుసలాడటం, అన్నీ ఆయన పెట్టిన భిక్షే.

ఏడుపు కూడా ఆయనే నేర్పాడు. మొదట్లో నేను నిజంగానే ఏడ్చేదాన్ని. గొంతు పూడుకుపోయి పద్యం ఆగిపోయేది. ఆయన హార్మోనియం మీద చేత్తో చరిచి, "ఏడుపుకు గూడ తాళముండాలె రత్నీ! తాళం తప్పిన ఏడుపు ఇంటికాడ ఏడ్సుకో. వీళ్లు బండ్లు కట్టుకొని వచ్చింది అది చూసెతందుకు గాదు" అనేవాడు. ఆ మాట నూటికి నూరుపాళ్లు నిజమని చాలా ఏళ్లు నమ్మాను. ఇప్పటికీ అబద్ధం అనలేను. కానీ దానికి ఒక హద్దు ఉంది. ఆ హద్దు ఆయనా చెప్పలేదు, నేనూ వెతకలేదు.

ముత్తయ్య ఆగిపోయిన చోటు

కేతేపల్లికి లోపలగా ఉన్న ఒక ఊళ్లో పంతులే నాటకం నేర్పాడు. మాట తప్పని రాజు కథ. ఆ రాజు సత్యం కోసం పెళ్లాన్నీ కొడుకునూ అమ్ముకొని, చివరికి కాటికాపరి అవుతాడు. పాము కరిచి చచ్చిన కొడుకును చేతుల మీద మోసుకొని రాణి ఆ కాటికే వస్తుంది. ఆ కాటి సీను తెలియని తెలుగువాళ్లు ఉండరు.

రాజు వేషం ముత్తయ్య అనే రైతుది. నల్లగా, ఎత్తుగా ఉండేవాడు. మాట తక్కువ. నేను కచ్చురం దిగగానే వచ్చి, "అమ్మా, నా గొంతు జర మోటది, సదురుకోవాలె" అన్నాడు. కాసేపు అక్కడే తచ్చాడి, "కాటి సీన్ల నువ్వు ఏడ్సినంకనే గద నేను రావాల్సింది? ఎట్ల ఏడుస్తవమ్మా నువ్వు?" అని అడిగాడు.

నాకు చిర్రెత్తింది. ఎన్ని ఊళ్లలో ఏడ్చానో నాకు తెలుసు, ఇతనెవరు అడగడానికి?

"నీకెందుకయ్యా ఫికర్? నేను ఏడ్సేది ఏడుస్త. హార్మోనియం ఆగంగనే నువ్వు రా" అన్నాను.

"అట్లనే తియ్యి" అని తల గోక్కుంటూ పోయాడు. ఇంకేదో చెప్పాలనుకున్నాడని నాకు అప్పుడు తోచలేదు.

నాటకం బాగానే సాగింది. అతని గొంతు మోటుదే, కానీ నిండుగా ఉంది. కాటి సీను వచ్చింది. కొడుకు వేషం వేసిన పిల్లవాడు నా ఒళ్లో నిజంగానే నిద్రపోతున్నాడు. నేను పద్యం అందుకొని, ఏడవాల్సినంత ఏడ్చి, చివరి రాగం తీసి దించాను. హార్మోనియం ఆగింది. ముత్తయ్య రాలేదు.

పక్క కర్టెన్ దగ్గర కర్ర పట్టుకొని నిలబడి ఉన్నాడు. పంతులు కళ్లెర్రజేశాడు, కదల్లేదు. వెనక నుంచి ఎవరో మాట అందించారు, కదల్లేదు. నేను ఇంకో వెక్కు వెక్కాను. అతని చూపు నా మీద లేదు. కింద ఆడవాళ్లు కూర్చున్న వైపు చూస్తున్నాడు. జనంలో గుసగుస మొదలైంది.

అప్పుడు ఆడవాళ్ల వైపు నుంచి ఒక గొంతు లేచింది.

"బువ్వ సల్లారిపాయె రారా మల్లేశా
సల్ల కడువ దించిన రారా మల్లేశా
దూడలింటికొచ్చె, దొడ్డి నిండిపాయె
నువ్వొక్కనివె రాకపోతివి మల్లేశా"

అది పద్యం కాదు. రాగం అని పేరు పెట్టడానికీ లేదు. చీకటి పడుతుంటే గడపలో నిలబడి ఆడుకోవడానికి పోయిన పిల్లవాణ్ని కేకేసి పిలుస్తారు చూడండి, అచ్చం ఆ కేక. ఆ "మల్లేశా" దగ్గర గొంతు ముందు పైకి పోయి, జవాబు కోసం కాసేపు ఆగి, జవాబు రాక కిందికి దిగేది. ఊరిలో ఒక్కరూ కిక్కురుమనలేదు. నవ్వేవాళ్లు లేరు, కసిరేవాళ్లు లేరు. వాళ్లందరికీ మల్లేశం ఎవరో తెలుసు. తెలియనిది నాకొక్కదానికే.

పాట ఆగింది. అప్పుడు కదిలాడు ముత్తయ్య. "ఎవరది?" అని కాటికాపరి మాట అంటూ వచ్చాడు. ఎంతోమంది రాజుల నోట ఆ మాట విన్నాను. ఆ రోజు విన్నట్టు ముందూ వినలేదు, తర్వాతా వినలేదు. నేను ఏడ్చాను. తాళం తప్పింది. పంతులు ఏమీ అనలేదు.

అంతలో కేక వినిపించింది: "పటేలు గారు, రాణి వేషం వేసిన రత్నకుమారి పాటకు మెచ్చి చదివింపు!"

ఆ పాట నేను పాడలేదని అక్కడున్న ప్రతి మనిషికీ తెలుసు, పటేలుకూ తెలుసు. కానీ ఊరి కోడలి పేరు స్టేజీ మీద కేకెయ్యరు. నేను లేచి దండం పెట్టాను. ఆనవాయితీ అది.

అంజమ్మ ఇల్లు

తెల్లారి బస్సుకు ఇంకా సమయం ఉంది. ఆ గొంతు ఎవరిదో కనుక్కొని వెళ్లాను. ముత్తయ్య భార్య అంజమ్మ. సన్నటి మనిషి. వాకిట్లో పల్లికాయ వొలుస్తోంది. అత్త అరుగు మీద కూర్చొని అందుకుంది: "నలుగుట్ల గొంతు లేపె! మగోళ్లందరు ఇన్నరు! ఇగ మేం తలెట్ల ఎత్తుకోవాలె?" అంజమ్మ తల వంచుకొని వొలుస్తూనే ఉంది. నన్ను చూసి గాబరాగా లేచి మంచం వాల్చి, చెంబుతో నీళ్లు ఇచ్చింది.

ఆ నీళ్ల గురించి ఒక మాట చెప్పాలి. రాత్రి రాణీ రాణీ అన్న ఊళ్లే తెల్లారితే "నాటకాలది" అని నాకు దోసిట్లో నీళ్లు పోసేవి. చెంబు చేతికి ఇచ్చిన ఇళ్లు చాలా తక్కువ. అంజమ్మ ఆలోచించకుండా ఇచ్చింది.

"నాటకం పాడుజేసిన్నా అమ్మా?" అని అడిగింది భయంగా.

"పాడుజేసుడా? నీ పాటతోనే నిలవడ్డది. ఎక్కడ నేర్సినవ్?"

"ఎక్కడ నేర్సలే." మళ్లీ పల్లికాయ ముందు కూర్చొని చెప్పింది. "మా ఆయన పొద్దంత సెల్కల పనిజేసి, మాపటికి కొట్టం కాడ రాజు మాటలు చెప్పుకునేటోడు. ఒక్కనికి ఒస్తలేదని నన్ను రాణి లెక్క నిలవడుమన్నడు. నాకు పద్యం నోరు తిరగదు. తిరగకపోతె పాయె, పోరడు సచ్చిండు గద, ఏడ్వు అన్నడు. నాకు ఏడ్సుడంటె గదొక్కటే వొచ్చు."

మల్లేశం వాళ్ల కొడుకు. అంతకు ముందు ఏడు జ్వరం వచ్చి, నల్లగొండ దవాఖానకు బండి మీద తీసుకుపోతుంటే దారిలోనే పోయాడు. తిండి తినకుండా ఆటలకు పోయేవాణ్ని రోజూ ఎలా పిలిచేదో, పోయాక కూడా అలాగే పిలిచింది. అదే పాట అయింది. నాలుగు నెలలు ముత్తయ్య ఆ పిలుపు ఆగాకే కాటికాపరిగా అడుగు వేశాడు. అతనికి వేరే గుర్తు లేదు. పద్యం ఆగితే రావాలని బుర్రకు తెలుసు కానీ, కాళ్లకు తెలియలేదు.

నేను అడిగాను, "నాతోని వొస్తవా? నీ అసొంటి గొంతు రెండు జిల్లాలల్ల లేదు" అని. నిజం చెబుతున్నాను, మనస్ఫూర్తిగానే అడిగాను. ఆమె కళ్లలో ఒక్క క్షణం ఏదో వెలిగింది. అత్త వైపు చూసింది, కొట్టం వైపు చూసింది.

"నేనెట్లొస్తనమ్మా" అంది.

"అయితె పాట ఇస్తవా?"

"పాటలకెల్లి వాని పేరు తియ్యకు" అంది. అంతే షరతు. పల్లికాయ వొలుస్తూనే నాలుగైదుసార్లు పాడి నేర్పింది. పక్కన కూర్చొని నేనూ వొలిచాను.

పాట పెద్దదయింది

ఆ పాటను పంతులుకు వినిపించాను. కళ్లు మూసుకొని విని, "మాటలు బంగారం. నడకే లేదు. కేకలు పెడితె స్టేజీ మీద పాటెట్లయితది?" అన్నాడు. ముఖారి రాగంలో కూర్చాడు. చరణం చరణానికీ మధ్య హార్మోనియం బిట్లు పెట్టాడు. "మల్లేశా" దగ్గర ఆగడం తాళానికి కుదరలేదు. ఆ ఆగే చోట గొంతు తిప్పే ఒక సన్నటి సంగతి వేసి నింపేశాడు. నాకు ఎంత ముద్దొచ్చిందో! రాత్రింబవళ్లు సాధన చేశాను. గొంతులో మీగడలా జారేది.

ఇక చూడండి. నకిరేకల్ నుంచి దేవరకొండ దాకా, అటు కల్వకుర్తి, అచ్చంపేట దాకా నా పేరు కంటే పాట ముందు పోయేది. బుకింగుకు వచ్చినవాళ్లు, "మల్లేశం పాట పాడుతదా?" అని అడిగాకే అడ్వాన్సు ఇచ్చేవారు. వన్స్ మోర్లు సరేసరి. కాటిలో కొడుకును ముందు పెట్టుకొని రెండుసార్లు, మూడుసార్లు ఏడ్చిన రోజులు ఉన్నాయి. ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకునేవారు.

ఒక ఊళ్లో చదువుకున్న పెద్దమనిషి, "రాజకుమారుడి పేరు మల్లేశం ఎట్లయితది? పురాణం మార్చుతారా?" అని గొడవ పెట్టుకున్నాడు. పంతులుకూ అనుమానం వచ్చి, "పేరు మారుద్దాం రత్నీ, ఏమైతది?" అన్నాడు. జీవితంలో మొదటిసారి ఆయనకు ఎదురు తిరిగాను. "పేరు తీస్తె నేను స్టేజే ఎక్క. వేరేదాన్ని చూసుకో" అన్నాను. ఆయన తగ్గాడు. అప్పుడు నా గర్వం చూడాలి! ఇచ్చిన మాట నిలబెట్టుకున్నానని, సత్యం కోసం నిలబడ్డ రాజు కంటే నేనేం తక్కువ అని మురిసిపోయాను.

అంజమ్మకు స్టేజీ మీద ఆ పాట వినిపించాలని నాకు పెద్ద కోరిక. ఆ ఊరి నుంచి మళ్లీ పిలుపే రాలేదు. వానలు లేక ఆ ఊళ్లో నాటకాలు ఆగిపోయాయని, ముత్తయ్య కుటుంబం కూలికి వలస పోయిందని ఎవరో చెప్పారు.

ఆనకట్ట దగ్గర

కృష్ణ మీద ఆనకట్ట కడుతున్న రోజులు. రాళ్లు మోయడానికి, మట్టి తవ్వడానికి ఎక్కడెక్కడి పల్లెల జనమో అక్కడికి వచ్చి గుడిసెలు వేసుకున్నారు. కూలీల కోసం నాటకం వేయిస్తామని, అప్పటికి పంతులు కట్టిన మా ట్రూపును పిలిచారు. అంత జనాన్ని అంతకు ముందు ఎప్పుడూ చూడలేదు. కాటి సీనులో మల్లేశం పాట ఎత్తుకున్నాను. ఆ రోజు పాడినంత బాగా ఎన్నడూ పాడలేదనే చెప్పాలి. జనం గొల్లుమన్నారు.

తెల్లారి మాకు ఇచ్చిన రేకుల షెడ్డు ముందు ఒక మనిషి నిలబడి ఉంది. తల మీద చుట్ట కుదురు, చేతిలో గంప. పనికి పోతూ వచ్చింది. ముందు గుర్తుపట్టలేదు. నవ్వితే పట్టాను.

"అంజమ్మా!" అని పోయి చేతులు పట్టుకున్నాను. బండల్లా గట్టిపడి ఉన్నాయి. "రాత్రి ఇన్నవా? నీ పాట ఇన్నవా?"

"ఇన్న."

"ఎట్లున్నది?"

"మంచిగున్నది. మా గుడిసెలోళ్లందరు ఏడ్సిన్రు. మా మేస్త్రి గూడ ఏడ్సిండు, మాయదారోడు." నవ్వింది.

నాకు ఆ మెప్పు చాలలేదు. "మరి నువ్వు?" అని అడిగాను. ఆమె ఏడ్చానంటే వినాలని నాకు ఆశ.

"నాకు రాలె అమ్మా" అంది మెల్లగా. తప్పు చేసినదానిలా చూసింది. "పేరున్నది. నువ్వు పేరు తియ్యలె, సల్లగుండు. గని ఎవలో రాజుల పోరడు యాదికొచ్చిండు. మావోడు రాలె."

పంతులు లోపల హార్మోనియం సర్దుకుంటున్నవాడు కాస్తా ఆగాడు.

"నేనొచ్చింది అందుకు గాదు" అంది అంజమ్మ. "ఒకటడుగుదామని వొచ్చిన. నేను రోజు పండుకునెముందు ఒకపారి పాట అనుకుంట, నోట్లనే. అప్పుడు వాడు వాకిట్లకెల్లి ఉరికొచ్చినట్టయితది. రాత్రి నాటకమైనంక పండుకొని అనుకుందామని చూసిన. నీదే వొస్తాంది. హార్మోనియంతోని వొస్తాంది. ఎంత ఎతికినా నాది దొరుకతలేదు." గంప కింద పెట్టింది. "మా వాకిట్ల కూసోని నేర్సుకుంటివి గద. నేనెట్ల పిలిచిన్నో నీకన్న యాదికుంటది. జర నా తీర్గ ఒకపారి పాడవా? మళ్ల పట్టుకుంట."

ఆ పని నా చేతిలోనే ఉందనుకున్నాను. ఎంతసేపు, కళ్లు మూసుకుంటే ఆ వాకిలి కనిపిస్తుంది, పల్లికాయలు కనిపిస్తాయి. గొంతు సవరించుకొని ఎత్తుకున్నాను. ముఖారి వచ్చింది. ఆపి మళ్లీ ఎత్తుకున్నాను. "మల్లేశా" దగ్గర ఆగాలని తెలుసు, పైకి పోవాలని తెలుసు. పోయిన చోట సన్నటి సంగతి దానంతటదే పడింది. ఇంకోసారి. ఇంకోసారి. అంజమ్మ నా పెదవుల వైపే చూస్తోంది, నీళ్ల కోసం వచ్చి బావిలోకి చూస్తున్నట్టు.

"ముత్తయ్యకు యాదికుండదా?" అన్నాను చివరికి.

"ఆయనకు పాడరాదు. జర యాదిజెయ్యి అంటె ఏడుస్తడు."

పంతులు వైపు తిరిగాను. ఎన్ని వందల పద్యాలు ఆ మనిషి తలలో ఉన్నాయో! ఆయన హార్మోనియం మెట్ల మీద వేళ్లు పెట్టాడు, తీశాడు. "నేనది ఒక్కపారే ఇన్న రత్నీ. అప్పుడు గూడ ఎట్ల మార్చాలెనా అనుకుంటనే ఇన్న" అన్నాడు. ఆయన నోట అంత చిన్న గొంతు నేనెప్పుడూ వినలేదు.

దూరంగా మేస్త్రి ఈల వేశాడు. అంజమ్మ గంప ఎత్తుకుంది. నేను ఏడుస్తున్నాను. ఆమే నా భుజం తట్టింది.

"పోనియ్యి అమ్మా, నువ్వేం జేస్తవ్. ఎప్పుడన్న యాదికొస్తె కబురు పెట్టు" అని, బండల దారిలో మిగతా ఆడవాళ్లతో కలిసిపోయింది.

ఇంకేం చెప్పను

తర్వాత ఆ పాట పాడలేదు. అడిగినవాళ్లకు గొంతు బాగాలేదని చెప్పాను. బుకింగులు తగ్గాయి. సినిమా హాళ్లు వచ్చాయి, పల్లెల్లో నాటకాలు తగ్గిపోయాయి. పంతులు పోయేముందు చూడటానికి వెళితే, "అది దొరికిందా రత్నీ?" అని అడిగాడు. ఇంకేమీ అడగలేదు.

నర్సింహ పంతులు నాకు నేర్పింది తప్పని నేను అనను. తాళం లేకపోతే మన పని సాగదు. కానీ ఇంకొకరి కడుపులోంచి వచ్చినదాన్ని తెచ్చుకునేటప్పుడు, దాన్ని ముందు ఉన్నది ఉన్నట్టు గొంతులో దాచుకోవాలి. నగిషీలు తర్వాత. నేను మాట నిలబెట్టుకున్నాననుకున్నాను. పేరు కాపాడి, మిగతాదంతా పోగొట్టాను.

అందుకే ఆ సీరియల్ పిల్లకు చెబుతున్నాను. గ్లిజరిన్ మంటకు ఓర్చుకో బిడ్డా. అది సీసాలోది, ఎవరిదీ కాదు. అయిపోతే ఇంకోటి కొనుక్కోవచ్చు.

నేను ఇప్పటికీ పడుకునే ముందు కళ్లు మూసుకొని ఆ వాకిట్లోకి పోతాను. అంజమ్మ వొలుస్తూ ఉంటుంది, నోరు కదులుతూ ఉంటుంది. వినపడేది మాత్రం నా గొంతే. ఆమె కబురు పెట్టమంది. ఇన్నేళ్లయినా పెట్టలేకపోయాను.